అందరి చిన్నాయన

మార్కాపురం చుట్టుపక్కలోళ్ళం మేము. ఒకప్పుడు దేశానికంతా పలకలు పంపినోళ్ళం. పలకల కాలం పోయింది గానీ పలకరింపుల కాలం పోలేదు. దోవన పోయే మనిషిని పలకరించకుండా వదిలేస్తే మాకు ఆ పూట అన్నం అరగదు. పలకరించేదానికి పేరు అక్కర్లేదు, తలకాయ చూస్తే చాలు. పూర్తిగా నెరిస్తే పెద్దనాయన, సగం నెరిస్తే చిన్నాయన, రంగేసుకుంటే అన్న. బస్సు కండక్టరు మామ, కరెంటాయన బావ, మందుల దుకాణంలో కూర్చునే ఆయమ్మ అత్త. ఒకసారి వరస కలిపినాక ఇంక పేరు అడగడమంటే మనిషిని గడప దిగమన్నట్టే. "నువ్వు ఎవరోళ్ళు?" అని మొహం మీద అడిగితే మా దగ్గర అది తిట్టు కింద లెక్క.

నేను తర్లుపాడు రోడ్డులో మైకు సెట్లు అద్దెకిస్తా. రాజరత్నం సౌండ్స్. పెళ్ళిళ్ళకు, చర్చి కూడికలకు, అమ్మవారి జాతరలకు అన్నిటికీ నా బాక్సులే. దేవుళ్ళు వేరైనా డెసిబెల్లు ఒకటే. మైకు చెడిపోతే ఆయన నోటితోనే లాగించేస్తాడు, గిరాకీ ఏమీ పోదు అని మా ఇంటామె భారతి అంటా ఉంటుంది.

పోయిన సంవత్సరం వానలు వెనకబట్టినాక మా జాన్సన్ ఫోన్లో ఒక వీడియో తెచ్చి చూపించినాడు. జాన్సన్ ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పిస్తాడు, మిగతా రోజులు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాడు. వీడియోలో మన నల్లమల. దోర్నాల దాటినాక జీపులో అడవి లోపలికి తీసకపోతారంట. జింకలు, నెమళ్ళు, అదృష్టం ఉంటే పులి.

"అన్నా, మన కొండను చూసేదానికి హైదరాబాదోళ్ళు వచ్చిపోతా ఉన్నారు. ఈడ పుట్టి మనం చూసిందేంది?" అన్నాడు.

"పులిహోర చూసినాం గదా అబ్బాయ్. సగం పులి చూసినట్టే," అన్నా.

"నేను వస్తా," అనింది వెనక నుంచి భారతి.

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

భారతికి ఒక్కడే తమ్ముడు, ఏబేలు. రెండేళ్ళ కింద కుంకుడుకాయలు ఏరుకొస్తానని ఆ అడవికే పోయినాడు. జతగా పోయినోళ్ళు వచ్చినారు, వాడు రాలేదు. ఫారెస్టోళ్ళు వెతికినారు, పోలీసోళ్ళు వెతికినారు, మేమూ కాళ్ళు పుండ్లు పడేదాకా తిరిగినాం. చెప్పు గూడ దొరకలేదు. పాస్టరయ్యగారు ఇంటికొచ్చి, పోయినోళ్ళకు పెట్టే ఆదరణ కూడిక పెట్టుకుందాం తల్లీ, ప్రార్థన చేసుకుంటే మనసు కుదుటపడుతుంది అన్నాడు. భారతి ఒప్పుకోలేదు. "మనిషి రాలేదు, అంతే. రానిదానికల్లా కూడిక పెట్టుకుంటే మన కొళాయి నీళ్ళకు రోజూ పెట్టాల" అనింది. నా పెళ్ళాం గదా, దుఃఖంలో గూడ నా గాలి తగిలింది.

అప్పటినుంచి ఆమె ఆ కొండ పేరెత్తలేదు. ఇప్పుడు వస్తా అంటుంది. ఎందుకో ఆడున్న అందరికీ తెలుసు. నాకు ఒకటే భయం పట్టుకుంది. పోయినామె జీపులో కూర్చుని తిరిగొస్తుందా, దిగి తమ్ముణ్ణి వెతుక్కుంటా పోతుందా?

వద్దంటే వినదు. సరే, పదిమందిలో పోతే పట్టుకునేదానికి పది చేతులుంటాయి అనుకున్నా. సాయంత్రమైతే మా దుకాణం అరుగు మీద ప్లాను మొదలయ్యేది. జాన్సన్, వ్యాను నడిపే ప్రవీణ్ కుమారు, పక్కింటి సంతోషమ్మత్త, నేను, భారతి. మా ప్లానూ మా దుకాణంలో ఫ్యానూ ఒకటే జాతి. తిరగడం తిరుగుతుంది గానీ ఉన్నచోటు వదలదు. ఒకరోజంతా టిఫిను ఇంటి దగ్గర కట్టుకుందామా, దోర్నాలలో తిందామా అనేదానితోనే సరిపోయింది.

"ఎలుగుబంట్లు ఉంటాయంట గదబ్బా," అనేది సంతోషమ్మత్త.

"నువ్వు ఒక్కసారి ఎలుగెత్తి ప్రార్థన చెయ్యత్తా, ఆ బంట్లే బండి కట్టుకుని పారిపోతాయి."

"నీ నోట్లో మన్ను పడ. ముందు నిన్నే తింటుంది. దానికీ నోరూరేది నోరున్నోణ్ణి చూస్తేనే."

ఇట్ల నవ్వుకుంటా ఉంటిమి. ఆ నవ్వుల్లోకే ఆయన వచ్చినాడు.

ఏ రోజు వచ్చినాడంటే మాలో ఎవరమూ చెప్పలేం. ఒక సాయంత్రం అరుగు చివర కూర్చోని ఉన్నాడు. సన్నటి మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాల. తల సగం నెరిసింది. తల చూసి నేను వరస కట్టేసినా.

"రా చిన్నాయనా, ఆ చివరెందుకు, ఇట్ల లోపలికి జరుగు."

"ఈడ బాగుంది నాయనా," అన్నాడు.

సంతోషమ్మత్తకు దర్శి వైపు బంధువులున్నారు. వాళ్ళల్లో ఎవరో అనుకున్నా. భారతి టీ తెచ్చి, తీసుకో చిన్నాయనా అనింది. గ్లాసు చేతిలో పట్టుకుని అట్లనే కూర్చున్నాడు. మాటల్లో పడి నేను గమనించలేదు. ఆయన పోయినాక చూస్తే గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. ఆయన కూర్చున్న చోట తడిసిన ఆకుల వాసన. మా అరుగు పలకరాయి, ఆకు రాలే చెట్టు దగ్గర్లో ఏదీ లేదు.

మర్నాడు మళ్ళీ వచ్చినాడు. ఆ తర్వాత రోజు గూడ. ఆయన వచ్చేటప్పుడు మా వీధికుక్కలు మొరిగేవి కావు. లేచి, ఆయనకు వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి పడుకునేవి. ఒకరోజు జోరువాన. అందరం తడిసి ముద్దయి అరుగెక్కినాం. చిన్నాయన పంచె మీద ఒక్క చుక్క లేదు. గొడుగూ లేదు.

"ఏం చిన్నాయనా, వానకు గూడ నీతో వరసుందా ఏంది, ముట్టుకోకుండా పోయింది?" అన్నా. అందరూ నవ్వినారు. ఆయన గూడ నవ్వినాడు. నవ్వినప్పుడు నోరు తెరుచుకుంది గానీ చప్పుడు రాలేదు. కొందరి నవ్వు అంతే గదా అనుకున్నా.

కొండ సంగతులు ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఏ చెరువులో నీళ్ళు నిలుస్తాయి, ఏ మలుపులో ఎండ పడదు, నెమలి ఎప్పుడు కూస్తుంది, అన్నీ చెప్పేవాడు. అడవి అనేవాడు కాదు, కొండ అనేవాడు కాదు. లోపల అనేవాడు. "లోపల చల్లగుంటుంది." "లోపల దుమ్ముండదు." మన ఇంట్లో నడవ దాటినాక వచ్చే గది గురించి చెప్పినట్టు. వింటా ఉంటే మా ప్లాను మాకు తెలియకుండానే కదలడం మొదలుపెట్టింది. ఏ పూట పోవాలనేది ఆయన చెప్పినట్టే అయింది. టిఫిను దోర్నాలలో అని తేలిపోయింది. ఆఖరికి జీపు గూడ మారిపోయింది.

"జీపు పోయే దోవలో ఏముంటాది నాయనా, జీపులే ఉంటాయి. పాతదారి ఒకటుంది. మన వ్యాను కొంతదూరం పోతాది, ఆ తర్వాత నడక. ఆ దారి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు."

"గుర్తులేని దారిలో పోతే మనమూ ఎవరికీ గుర్తుండం చిన్నాయనా," అన్నా.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆయన మాత్రం నిజమే అన్నట్టు తలూపినాడు.

మైకు సంగతి జరిగింది ఆ వారంలోనే. గిద్దలూరులో ఒక పెళ్ళికి కార్డ్‌లెస్ మైకు కావాలన్నారు. కొత్తది తెచ్చి, అందరూ ఉన్నప్పుడు టెస్టింగ్ చేస్తా ఉన్నా. తమాషాకు దాన్ని చిన్నాయన చేతిలో పెట్టినా.

"నువ్వే అనౌన్స్ చెయ్యి చిన్నాయనా, మన ప్రోగ్రాం."

ఆయన నోటి దగ్గర పెట్టుకున్నాడు. "సోమవారం పొద్దున బయల్దేరాల. పాతదారి మొదట్లో వ్యాను నిలపాల. అందరూ రావాల," అన్నాడు. ఎదురుగా కూర్చున్న మాకు వినపడింది. బాక్సులో నుంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. పచ్చలైటు వెలుగుతానే ఉంది. మైకు తీసుకుని హలో అన్నా. నా హలో రోడ్డు అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది.

"మైకు కాస్తా మూకీ అయింది. కొత్తది గదా, కొత్త పెళ్ళికూతురు లెక్క, పెద్దోళ్ళ ముందర మాట్లాడదు," అని మళ్ళీ ఆయనకిచ్చినా.

ఆయన పెదాలు కదిలినాయి. ఈసారి బాక్సులో నుంచి ఎండుటాకులు గాలికి దొర్లినట్టు గరగరా ఏదో వచ్చింది. దాని వెనక, చానా దూరాన, మనిషి కూత. అడవిలో ఒకరికొకరు కనపడనప్పుడు జతగాళ్ళు వేసే కూత. ఓ... అని మొదలై, చివర పైకి లేస్తుంది.

భారతి చేతిలో పళ్ళెం కింద పడింది.

"ఎవరి ఫోన్లోనో బ్లూటూతు కలిసింది," అంటా బాక్సు ఆపేసినా. ఆపినాక గూడ కొంచెంసేపు ఆ కూత వచ్చింది. అది నా చెవుల్లోనే వచ్చిందేమో, నాకు తెలియదు. భారతి మాత్రం బాక్సుకేసి చూడలేదు. చిన్నాయన మొహం చూస్తా ఉంది.

మర్నాడు పొద్దున కొళాయి కాడ వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటా కనిపించినారు. ఆయన మా వీధికి పొద్దున పూట రావడం అదే మొదలు. భారతి బిందె నిండి పొర్లిపోతా ఉంది, ఆమె చూడడంలేదు.

ఇంటికి రాగానే అడిగినా. దాచలేదామె.

"మా ఏబేలు లోపలే ఉండాడంట. పాతదారిలో మలుపు కాడ నేను దిగితే తీసకపోయి కలుపుతానన్నాడు."

"ఆడ్నుంచి మళ్ళీ తీసకొస్తానన్నాడా?"

"ఆ మాట నేను అడగలేదు."

"అడగాల గదా?"

"వాడు ఉండాడంటే చాలు నాకు."

"దిగుతావా?"

"దిగుతా."

"మరి నేనేం కావాల?"

"నువ్వు వ్యానులో కూర్చోని జోకులేసుకో," అనింది. కోపంగా అన్నట్టయితే బాగుండేది. మామూలుగా, గ్యాసు బండ రేపొస్తుంది అన్నట్టు చెప్పింది.

నేను నేరుగా సంతోషమ్మత్త ఇంటికి పోయినా. ఆమె వాకిట్లో మిరపకాయలు తిరగేస్తా ఉంది.

"అత్తా, మీ దర్శి చిన్నాయనను కాస్త అదుపులో పెట్టు. మా ఆడమనిషికి లేనిపోని ఆశలు పెడతా ఉన్నాడు."

"మా దర్శాయనెవరు?"

"అదే, సాయంత్రాలు వస్తాడు గదా."

"ఆయన మాకేం కాడబ్బా. భారతి తరపోడు గదా? మీ ఇంటి టీనే తాగుతాడు."

తాగడు అని చెప్పబోయి ఊరుకున్నా. జాన్సన్ దగ్గరికి పోయినా. "ప్రవీణోళ్ళ పెదమామ గదన్నా? మొదట్నుంచీ వ్యాను సంగతి ఆయనే మాట్లాడతాడు," అన్నాడు. ప్రవీణ్ దగ్గరికి పోయినా. వాడు టైరుకు గాలి పట్టిస్తా, "దొనకొండ చర్చి పెద్ద అని జాన్సనే చెప్పినాడు. కాదా?" అన్నాడు. జాన్సన్ చెప్పలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరం చిన్నాయనా అన్నాం. అందరం పక్కోడి చిన్నాయన అనుకున్నాం.

ఆ సాయంత్రం ముందుగానే నలుగురం అరుగు మీద చేరినాం. ఇయ్యాల రాగానే అడిగెయ్యాల అని తీర్మానం చేసుకున్నాం. ముందు ఎవరడగాలి అని దానికొక చర్చ. పెద్దదానివి నువ్వడుగు అత్తా అంటే, మగోళ్ళుండి నేనెందుకు అడగాల అనింది. నేను అడుగుతా అన్నా. మాట్లాడతా ఉండగానే కుక్కలు లేచి గోడ వైపు తిరిగినాయి. చివరన ఆయన కూర్చోని ఉన్నాడు.

నేను గొంతు సవరించుకున్నా. అందరూ నా నోటి వైపే చూస్తా ఉన్నారు. ఊరికంతా వినపడే నోరు.

"రా చిన్నాయనా, ఇప్పుడేనా రావడం?" అనింది ఆ నోరు.

ఏం చేస్తాం. భయం నిన్న మొన్నటిది, మర్యాద పుట్టుకతో వచ్చింది. సంతోషమ్మత్తయితే తను కూర్చున్న చాప గూడ తీసి ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చోని సోమవారం ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పినాడు. కిటికీ పక్కన భారతి. తలుపు దగ్గర తను. మేము సరే చిన్నాయనా, సరే చిన్నాయనా అంటా విన్నాం.

ఆదివారం ఆరాధన అయిపోయి ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. చెమట కారిపోయే ఎండ. వంటింట్లో భారతి సజ్జరొట్టెలు చేస్తా ఉంది. మా ఇంట్లో సజ్జరొట్టె తినేవాళ్ళు లేరు, నాకు పళ్ళు ఒప్పుకోవు. ఎవరికని అడగలేదు. పక్కన చెనక్కాయల పొడి డబ్బాకెత్తి పెట్టింది. ఒక చీర, ఒక దుప్పటి సంచిలో సర్దింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చే మనిషికి దుప్పటెందుకు?

నేను బయటికొచ్చినా. ఆయన అప్పటికే అరుగు మీద ఉన్నాడు. ఎండలో గూడ ఆయన చుట్టూ తడి ఆకు వాసన. జాన్సనూ ప్రవీణూ వ్యానులో సీట్లు తుడుస్తా ఉన్నారు. సంతోషమ్మత్త గడపలో నిలబడి ఉంది. ఇంక నాకు ఏ మాటా వంకరగా రాలేదు.

"చిన్నాయనా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు ఎవరోళ్ళు?"

ప్రవీణ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయనకు కోపం రాలేదు.

"అదేంది నాయనా. రా చిన్నాయనా అని పిలిచింది నువ్వే గదా. నేనెవరో పిలిచినోడికే తెలియాల."

"నీ తల చూసి పిలిచినా."

"నేను నీ పిలుపు విని వచ్చినా."

"యాడ్నుంచి?"

"లోపల్నుంచి." చుట్టూ అందరినీ చూసినాడు. "నేను ఎవరి మీదా పడి కూర్చునే మనిషిని కాదు నాయనా. మీలో ఒక్కరు, నువ్వు మాకేమీ కావు అనండి. ఇప్పుడే లేచి పోతా."

ఎంత చిన్న మాట. జాన్సన్ నేల చూసినాడు. ప్రవీణ్ టైరు చూసినాడు. "అంత మాట ఎట్లంటాం చిన్నాయనా," అనింది సంతోషమ్మత్త, అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను అందామనుకున్నా. అంటే భారతి నన్ను జన్మలో క్షమించదు. ఏబేలున్న చోటు తెలిసిన మనిషి లోకంలో ఈయనొక్కడే. ఆ దోవ నేను మూసేసినట్టవుతుంది.

అప్పుడు భారతి వచ్చింది. చేతుల నిండా సజ్జపిండి. అరుగు మీద ఆయన ఎదురుగా కూర్చుంది.

"వాడు నన్ను ఏమని పిలుస్తాడు?"

"ఉలవా అని."

భారతి కళ్ళు మూసుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. వాళ్ళిద్దరి మధ్యనే ఉండిన పేరని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. ఆయన అబద్ధమాడటంలేదు. అదే అన్నిటికంటే భయమనిపించింది.

"బాగుండాడా?"

"బాగుండాడు తల్లీ. నువ్వొస్తా ఉండావని చెప్పినా. మలుపు కాడ రాయి మీద కూర్చోని ఉంటాడు."

"ఏం తింటున్నాడు?"

"ఏమీ తినడు." ఆయన మొహం విప్పారింది. కొత్తిల్లు చూపిస్తా, ఈడ దోమలుండవు అని చెప్పేవాళ్ళ మొహం అట్ల ఉంటుంది. "లోపల ఆకలుండదు తల్లీ. ఎవరికీ ఉండదు."

భారతి కళ్ళు తెరిచింది. చేతులకున్న పిండిని ఒక్కొక్క వేలూ పట్టి నిదానంగా రాల్చింది. చానాసేపు అదే పని చేసింది.

"వాడు బడి నుంచి వచ్చి సంచి కింద పెట్టకముందే కుండలో చెయ్యి పెట్టేవాడు," అనింది. మాలో ఎవరికీ కాదు, ఆ పిండికి చెప్పినట్టు. "టైఫాయిడొచ్చి ఒళ్ళు కాలిపోతా ఉంటే, కళ్ళు తెరవకుండానే రొట్టె ఏదక్కా అని అడిగినాడు. మా అమ్మ పోయిన రోజు, అందరూ ఏడస్తా ఉంటే నా చెవి దగ్గరికొచ్చి ఆకలైతుంది ఉలవా అన్నాడు. ఆకలి లేకుండా వాడు ఒక్క పూట బతకలేదు."



"మా తమ్ముడు సచ్చిపోయినాడు," అనింది భారతి.

రెండేళ్ళలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఆమె లేచి నిలబడింది.

"నువ్వు మాకేమీ కావు. ఎవరికీ చిన్నాయనవు కావు. లేచి పో."

"మంచిది తల్లీ," అని ఆయన వెంటనే లేచినాడు. మాట తప్పలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగినాడు. నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది, ఆ తేలికలో నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది.

"పోయి రా చిన్నాయనా."

ఆయన ఆగినాడు. నిదానంగా వెనక్కి తిరిగినాడు.

"ఎప్పుడు రమ్మంటావు నాయనా?"

భారతి చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. పెదాల మీద సజ్జపిండి. ఆయన బదులు కోసం చూస్తా నిలబడినాడు. వాదన లేదు, తొందర లేదు. నేను ఊపిరి గూడ ముక్కుతోనే తీసుకున్నా. కాసేపు చూసి, రోడ్డు దాటి, అవతల కల్వర్టు గోడ మీద మావైపే మొహం పెట్టి కూర్చున్నాడు. ఎండ ఆయన మీద పడుతా ఉంది. పక్కన నీడ పడటంలేదు.

అప్పుడే గోవిందయ్య మేకల్ని తోలుకుని వచ్చినాడు. కల్వర్టు పక్కిల్లే ఆయనది. మొన్న ఎండాకాలంలో భార్య రంగమ్మను ఆసుపత్రికి తీసకపోయి, ఒంటరిగా తిరిగొచ్చిన మనిషి. మేకలు కల్వర్టు దగ్గరికి రాగానే ముందుకాళ్ళు నిలేసి ఆగిపోయినాయి. వాటిని అదిలిస్తా అదిలిస్తా గోవిందయ్య పక్కకు చూసినాడు.

"ఏం చిన్నాయనా, ఈ ఎండలో కూర్చున్నావేంది? ఇంట్లోకి రా, చల్ల తాగుదువు."

నేను భారతి చెయ్యి లాగేసినా.

"గోవిందయ్యా, వద్దు, ఆయన మనోడు కాదు," అని అరిచినా. ఆ అరుపు తర్లుపాడులో వినపడి ఉండాల.

గోవిందయ్య నవ్వినాడు. "నీ ఎగతాళి ఆపు బావా. పెద్ద మనిషిని ఎండలో కూర్చోబెట్టింది గాక. భోజనం పెట్టి పంపిస్తాలే, మీ చిన్నాయనను ఏం తినెయ్యను."

"ఎగతాళి కాదు, నిజం."

"నువ్వు నిజం చెప్పిందెప్పుడు?" అంటా చెయ్యి ఊపి లోపలికి పోయినాడు. ఆయన గూడ లేచి, మమ్మల్ని ఒకసారి చూసి, వెనకాలే పోయినాడు. మేకలు రోడ్డు మీదనే నిలబడిపోయినాయి.

తలుపు తెరిచే ఉంది. గోవిందయ్య చెంబు కడిగే చప్పుడు. మంచం లాగే చప్పుడు. తర్వాత ఆ వెనకాల పోయినాయన గొంతు, మెల్లగా, స్పష్టంగా.

"రంగమ్మ బాగుంది నాయనా."

చెంబు చప్పుడు ఆగిపోయింది.

ప్రవీణ్ వ్యాను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సంతోషమ్మత్త ప్రార్థన మొదలుపెట్టింది, గొంతు పైకి లేవలేదు.

భారతి లోపలికి పోయింది. ఆ రొట్టెలు చీర కొంగులో చుట్టుకుని బయటికొచ్చింది.

"యాడికి?" అన్నా.

"ఆ మనిషి కడుపునిండా తిని ఎన్నాళ్ళయిందో. ముందు నాలుగు రొట్టెలు తినిపిస్తా. తర్వాత ఏం అడగాలో పక్కన కూర్చోని చెప్తా."

"నువ్వు పోవద్దు. ఆయన ఆడున్నాడు."

"నాకింక ఆయనతో పనేముంది?" అనింది. "ఒంటరిగా ఉంటే గోవిందయ్యన్న సరే అంటాడు. నేను సరే అనలేదా?"

మెట్లు దిగింది. ఆమె రోడ్డు దాటతా ఉంటే నేను ఆఖరి మెట్టు దాకా పోయినా. తెరిచిన తలుపు లోపల చీకటిగా ఉంది, ఆ ఎండలో గూడ. గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

నేను చెప్పులు వేసుకున్నా.